ఎఫ్‌డీ ఉంది గదా అని లాక్ వేస్తే సరిపోదు: ఫ్లాక్, ఎఫ్‌కంట్రోల్, ఓఎఫ్‌డీల్లో ఏది ఎవరికి

మొన్న గచ్చిబౌలిలో ఆఫీస్ కింద చాయ్ తాగుతుంటే, టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడొకడు వచ్చి "అన్నా, ఈవెంట్‌ఎఫ్‌డీ మీద ఫ్లాక్ వేసిన, ఎర్రర్ రాలే, అంటే పనిచేస్తున్నట్టే గదా" అన్నడు. (ఎఫ్‌డీ అంటే ఫైల్ డిస్క్రిప్టర్, తెరిచిన ఫైల్‌కి గుర్తుగా కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ప్రోగ్రామ్ చేతికి ఇచ్చే నంబర్; ఈవెంట్‌ఎఫ్‌డీ అంటే "పని వచ్చింది" అని సైగ చేసుకోవడానికి వాడే ఎఫ్‌డీ; ఫ్లాక్ అంటే ఎఫ్‌డీ మీద లాక్ అడిగే కాల్.) పనిచేస్తుంటే నా దగ్గరికి ఎందుకొచ్చినవ్ రా అంటే అప్పుడు చెప్పిండు అసలు లొల్లి. వాని దగ్గర రెండు సర్వీసులున్నయ్, ఒకదానికొకటి సంబంధమే లేదు, దేని ఈవెంట్‌ఎఫ్‌డీ దానిదే, కానీ ఒకటి లాక్ పట్టుకుంటే రెండోది బొమ్మలెక్క ఆగిపోతున్నది. రెండు రోజులు సొంత కోడ్‌నే అనుమానించి పరేషాన్ అయిండు పాపం. తప్పు వాని లాజిక్‌లో లేదు, లాక్ దేనికి తగులుకుంటదో తెలియకపోవడంలో ఉంది. ఆ రోజు వానికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్న. లినక్స్‌లో ఈ అడ్వైజరీ లాకులు మూడు రకాలు, పైన ఇంకో రెండు మూడు పక్కదారులు, వీటిల్లో ఏది తీసుకోవాలో తేల్చుకోలేక ఆగిపోయినోళ్ళకి ఇది.

ముందు అడ్వైజరీ అంటే ఏందో. బస్సు ఆగంగానే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటం గదా, అదే. కర్చీఫ్ చూసి వెనక్కి తగ్గేటోడు తగ్గుతడు, పట్టించుకోనోడు దాన్ని తీసి పక్కన పెట్టి దర్జాగా కూర్చుంటడు, కండక్టర్ వచ్చి లేపడు. కెర్నల్ కూడా అంతే. మీరు ఫైల్ మీద ఎక్స్‌క్లూజివ్ లాక్ పట్టుకొని కూర్చున్నా, లాక్ అడగకుండా రైట్ కొట్టే ప్రోగ్రామ్‌ని ఆపదు. మ్యాండేటరీ లాకింగ్ అని ఒకటి ఉండేది లినక్స్‌లో, ఎవరూ నమ్మకంగా వాడలేదు, 2021లో 5.15 కెర్నల్‌తో దాన్ని పీకేసిండ్రు. కాబట్టి ఇప్పుడు మన దగ్గర ఉన్నది కర్చీఫ్ ఒక్కటే. అందరూ ఒకే రకం కర్చీఫ్‌ని గౌరవించాలి, లేకపోతే అర్థం లేదు.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

చాలామంది "ఏది ఫాస్ట్" అని మొదలుపెడతరు. నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. మొదటి రెండు ప్రశ్నలు ఇవి: కర్చీఫ్ ఏ సీటు మీద పడ్డది, కర్చీఫ్ ఎవరి పేరు మీద ఉంది.

సీటు అంటే ఐనోడ్, ఫైల్ వివరాలు కెర్నల్ రాసుకునే రికార్డు, మామూలుగా ఒక్కో ఫైల్‌కి ఒకటి. మీరు లాక్ వేసేది ఎఫ్‌డీ నంబర్ మీద కాదు, ఫైల్ పేరు మీద కూడా కాదు, ఆ ఎఫ్‌డీ వెనకాల ఉన్న ఐనోడ్ మీద. ఇద్దరు కొట్టుకోవాలంటే ఇద్దరిదీ ఒకే ఐనోడ్ కావాలి, ఇద్దరూ కొట్టుకోకూడదంటే వేరే ఐనోడ్లు కావాలి.

ఓనర్ సంగతి కొంచెం తికమక. ఎఫ్‌డీ అనేది హోటల్ కౌంటర్‌లో ఇచ్చే టోకెన్ లాంటిది, మీ చేతిలో ఉండే నంబర్. ఆ టోకెన్‌కి కౌంటర్ వెనకాల ఒక ఆర్డర్ రాసుంటది, దాన్ని ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్ అంటరు. డిస్క్రిప్టర్ వేరు, డిస్క్రిప్షన్ వేరు, పేర్లు పెట్టినోళ్ళకి దండం. డూప్ చేసినా (ఎఫ్‌డీకి కాపీ తీయడం), ఫోర్క్ చేసినా (ప్రాసెస్ తన కాపీగా పిల్ల ప్రాసెస్‌ని పుట్టించడం), యూనిక్స్ సాకెట్‌లో ఎఫ్‌డీని వేరే ప్రాసెస్‌కి పంపినా, టోకెన్‌ని జిరాక్స్ తీసినట్టే, వెనకాల ఆర్డర్ ఒకటే. మళ్ళీ ఓపెన్ కాల్ కొడితేనే కొత్త ఆర్డర్. ఇప్పుడు లాక్ ఓనర్ ఎవరు, మనిషా ఆర్డరా? అంటే ప్రాసెసా, డిస్క్రిప్షనా? మూడు ఆప్షన్ల మధ్య అసలు తేడా అంతా ఇక్కడే ఉంది, మిగతావన్నీ దీనెంబడి వచ్చేవే.

తర్వాత చూడాల్సినవి: ఫైల్ మొత్తానికా లేక కొన్ని బైట్లకే లాక్ కావాలా, ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లు కూడా ఆగాలా, మధ్యలో ప్రాసెస్ చస్తే లాక్ ఏమైతది, ఫైల్ ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్‌లో వేరే సర్వర్ మీద ఉండే ఫైల్‌సిస్టమ్) మీద ఉందా. చచ్చిపోయే విషయంలో మూడింటికీ ఫుల్ మార్కులే, ప్రాసెస్ పోతే కెర్నలే ఎఫ్‌డీలు మూసేసి లాక్ తీసేస్తది. చివరి టోకెన్ వేరే ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే తప్ప. ఆ "తప్ప" గురించి కింద చెప్తా, రాత్రి రెండింటికి ఫోన్లు వచ్చేది దానివల్లే.

## ఫ్లాక్

1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చింది, మూడింట్లో తేలిక ఇదే. ఫైల్ మొత్తానికి ఒకటే లాక్, షేర్డ్ (చాలామంది ఒకేసారి పట్టుకోవచ్చు) లేదా ఎక్స్‌క్లూజివ్ (ఒక్కరికే). ఓనర్ డిస్క్రిప్షన్. ఎఫ్‌డీని చదవడానికి ఓపెన్ చేశారా రాయడానికా అన్నది లోకల్ ఫైల్‌సిస్టమ్‌లో దీనికి అక్కర్లేదు, రీడ్-ఓన్లీ ఎఫ్‌డీ మీద కూడా ఎక్స్‌క్లూజివ్ లాక్ ఇస్తది. అందుకే డైరెక్టరీ మీద లాక్ వేయాలంటే ఇదే దిక్కు. డైరెక్టరీని రైట్ మోడ్‌లో ఓపెన్ చేయలేం గదా, ఎఫ్‌కంట్రోల్ రైట్ లాక్‌కేమో రైట్ మోడ్ కావాలి. సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ కూడా పాత ఫైళ్ళు ఊడ్చేటప్పుడు డైరెక్టరీ మీద ఫ్లాక్ ఉంటే దాన్ని, దాని కింద ఉన్నదాన్ని ముట్టుకోదు. టెంప్‌లో పెద్ద ఆర్కైవ్ విప్పుతున్నప్పుడు పాత తేదీల ఫైళ్ళు మాయం కాకుండా ఉండాలంటే ఇది పనికొస్తది, చాలామందికి తెల్వదు.

క్రాన్ స్క్రిప్టులకి (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచేవి) షెల్‌లో ఫ్లాక్ కమాండ్ ఉండనే ఉంది, మైనస్ ఎన్ పెడితే లాక్ దొరక్కపోతే వెంటనే వెనక్కి వస్తది, మైనస్ డబ్ల్యూ పెట్టి ఒక సంఖ్య ఇస్తే అన్ని సెకన్లు ఆగుతది. పది నిమిషాలకోసారి నడిచే జాబ్ ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఆపడానికి ఇంతకంటే ఎక్కువ ఆలోచించాల్సిన పనే లేదు.

కానీ ఆ "తప్ప" ఇక్కడే ఉంది. ఓనర్ డిస్క్రిప్షన్ కాబట్టి ఫోర్క్ అయిన పిల్ల ప్రాసెస్ చేతిలో కూడా టోకెన్ జిరాక్స్ ఉంటది. స్క్రిప్ట్ లోపల ఒక డీమన్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో లేపితే, స్క్రిప్ట్ అయిపోయినా డీమన్ ఆ ఎఫ్‌డీని పట్టుకునే ఉంటది, లాక్ ఊడదు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో సరిగ్గా ఇదే అయింది, రాత్రి రిపోర్ట్ జాబ్ మూడు రోజులు నడవలే, ఎవరూ గమనించలే, ఎందుకంటే మైనస్ ఎన్‌తో వెనక్కొచ్చే జాబ్‌ని "ఇప్పటికే నడుస్తుంది, ఓకే" అని గ్రీన్ చూపించేలా డ్యాష్‌బోర్డ్ పెట్టుకున్నం. మందు చిన్నదే: కమాండ్‌కి మైనస్ ఓ ఇస్తే అసలు పని మొదలుపెట్టే ముందు లాక్ ఎఫ్‌డీని మూసేస్తది, సీ కోడ్‌లో అయితే ఓపెన్ చేసేటప్పుడే క్లోజ్-ఆన్-ఎగ్జెక్ ఫ్లాగ్ (ఎగ్జెక్‌తో కొత్త ప్రోగ్రామ్ మొదలవగానే ఈ ఎఫ్‌డీ మూసెయ్ అనే గుర్తు) పెట్టాలి. పైథాన్ 3.4 నుంచి ఎఫ్‌డీలు వాటంతటవే పిల్ల ప్రోగ్రాములకి పోవు కాబట్టి అక్కడ కొంత నయం. రివర్స్ కూడా ఉంది చూడండి, పిల్ల ప్రాసెస్ అన్‌లాక్ కొడితే అమ్మ ప్రాసెస్ లాక్ కూడా పోతది, రెండింటిదీ ఒకటే ఆర్డర్ గదా.

ఇంకో గుంత: షేర్డ్ నుంచి ఎక్స్‌క్లూజివ్‌కి మారడం ఒక్క దెబ్బకి జరగదు. ముందు పాతది వదిలేసి తర్వాత కొత్తది అడుగుతది, ఆ సందులో వేరేవాడు దూరొచ్చు. నాన్-బ్లాకింగ్‌లో అడిగి దొరక్కపోతే కొత్తదీ లేదు, పాతదీ పోయింది, ఉన్న ఊరు ఊడింది కన్న ఊరు దక్కలేదు అన్నట్టు. చదివి, చూసి, అవసరమైతే అప్‌గ్రేడ్ చేద్దాం అనే డిజైన్ ఉంటే ఫ్లాక్ వద్దు.

## పాత ఎఫ్‌కంట్రోల్ లాక్, అంటే పోసిక్స్ లాక్

సిస్టమ్ ఫైవ్ అనే పాత యూనిక్స్ వైపు నుంచి వచ్చి పోసిక్స్‌లో, అంటే యూనిక్స్‌ల ఉమ్మడి స్టాండర్డ్‌లో, కూర్చుంది. బైట్ రేంజ్ ఇవ్వొచ్చు, ఈ 100 బైట్లు నావి ఆ 200 నీవి అని. దాదాపు ప్రతి యూనిక్స్‌లో ఉంటది. లినక్స్‌లో లాక్-ఎఫ్ ఫంక్షన్ కూడా దీని మీద తొడిగిన చొక్కానే. పైథాన్‌లో లాక్-ఎఫ్ అని పిలిచినా లోపల ఇదే, ఫ్లాక్ కాదు, పేరు చూసి మోసపోకండి. జావాలో ఫైల్‌చానెల్ లాక్ కూడా యూనిక్స్ మీద ఇదే.

దీని ఓనర్ ప్రాసెస్. వినడానికి బాగుంటది. కానీ దాని వల్ల వచ్చే రూల్ ఎంత దరిద్రమంటే, ఆ ప్రాసెస్ ఆ ఫైల్‌కి సంబంధించిన ఏ ఎఫ్‌డీని క్లోజ్ చేసినా సరే, ఆ ఫైల్ మీద ఆ ప్రాసెస్‌కి ఉన్న లాకులన్నీ పోతయ్. లాక్ వేసిన ఎఫ్‌డీనే క్లోజ్ చేయాలని లేదు, ఏదైనా సరే. మీరు ముందు సీట్లో కర్చీఫ్ వేసి, వెనక డోర్ నుంచి ఒకసారి దిగి ఎక్కితే కర్చీఫ్ మాయమైనట్టు.

దీంతో నాకు చేదు అనుభవమే ఉంది. బిల్లింగ్ ఫైల్ ఒకటి, మేము లాక్ పట్టుకొని రాస్తున్నం, అంతా పద్ధతిగనే ఉంది, మధ్యలో ఒక లైబ్రరీ మాకు చెప్పకుండా అదే ఫైల్‌ని ఓపెన్ చేసి చెక్‌సమ్ తీసి క్లోజ్ చేస్తున్నది. అంతే, లాక్ గాలికి పోయింది, రెండో ప్రాసెస్ లోపలికొచ్చి అదే చోట రాసింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, లాగ్‌లో అన్నీ "లాక్ అక్వైర్డ్" అనే ఉన్నయ్. వారం పట్టింది పట్టుకోవడానికి. ఎస్‌క్యూలైట్ లోపల ఈ రూల్ కోసమే ప్రత్యేకంగా కోడ్ రాసుకున్నరు, ఒకే డేటాబేస్‌ని ఒకే ప్రాసెస్‌లో రెండు సార్లు తెరిచినా ఐనోడ్ వారీగా లెక్క పెట్టుకొని, ఇంకో కనెక్షన్‌కి లాక్ ఉన్నంతసేపు ఎఫ్‌డీని క్లోజ్ చేయకుండా వాయిదా వేస్తరు. మీ యాప్ ఎస్‌క్యూలైట్ ఫైల్‌ని తను వాడుతూనే పక్క నుంచి మామూలు ఓపెన్ కొట్టి కాపీ తీసి క్లోజ్ చేస్తే, వాళ్ళు పడ్డ కష్టమంతా నీళ్ళపాలు. కాపీ కావాలంటే దాని బ్యాకప్ ఏపీఐ వాడండి, లేదా వేరే ప్రాసెస్‌తో తీయండి.

థ్రెడ్ల సంగతి కూడా అంతే, ఓనర్ ప్రాసెస్ కాబట్టి రెండు థ్రెడ్లు ఒకే రేంజ్‌ని అడిగితే ఇద్దరికీ "తీస్కో" అంటది. ఫోర్క్ అయిన పిల్లకి లాక్ రాదు, ఎగ్జెక్ తర్వాత మాత్రం ఎఫ్‌డీ తెరిచి ఉన్నంతవరకు నిలుస్తది.

మరి మంచి ఏం లేదా అంటే ఉంది. బ్లాక్ అయ్యే కాల్‌లో డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఆగిపోవడం) కనిపిస్తే కెర్నల్ ఎర్రర్ ఇస్తది, మిగతా రెండూ ఇవ్వవు, మీ కర్మ అని వదిలేస్తయ్. ఎవరు పట్టుకున్నరో పిడ్ (ప్రాసెస్ నంబర్) అడిగి తెలుసుకోవచ్చు. ఇంకోటి, ఒకే డిస్క్రిప్షన్‌ని పంచుకున్న ప్రాసెసుల మధ్య పోటీ పెట్టాలంటే ఉన్న మూడింట్లో పనిచేసేది ఇదొక్కటే, ఈ పాయింట్‌కి మళ్ళీ వస్తా.

## ఓఎఫ్‌డీ లాక్

ఓఎఫ్‌డీ అంటే పైన చెప్పిన ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షనే. 2014లో లినక్స్ 3.15తో వచ్చింది. పైన చెప్పిన దరిద్రం తట్టుకోలేక చేసిందే. ఎఫ్‌కంట్రోల్ కాల్ అదే, స్ట్రక్చర్ అదే, కమాండ్ పేరు మాత్రం వేరు, ఓనర్ ప్రాసెస్ నుంచి డిస్క్రిప్షన్‌కి మారింది. అంటే బైట్ రేంజ్ ఎఫ్‌కంట్రోల్ నుంచి, ఓనర్ పద్ధతి ఫ్లాక్ నుంచి. వేరే లైబ్రరీ ఎవడో ఫైల్ తెరిచి మూస్తే మీ లాక్‌కి ఏం కాదు. థ్రెడ్లకి కూడా పనిచేస్తది, ప్రతి థ్రెడ్ సొంతంగా ఓపెన్ చేసుకుంటే. ఎఫ్‌డీని పంచుకుంటే చేయదు. అప్‌గ్రేడ్ దొరక్కపోతే పాత లాక్ చేతిలోనే ఉంటది.

2024 పోసిక్స్‌లో కూడా దీన్ని చేర్చిండ్రు కాబట్టి "లినక్స్ ఒక్కదానికే" అనే సాకు మెల్లగా పాతబడుతున్నది. గ్లిబ్‌సీలో 2.20 నుంచి, పైథాన్‌లో 3.9 నుంచి పేర్లు ఉన్నయ్.

ఒక చిన్న విషయం మర్చిపోయి గంటలు పోగొట్టుకోకండి: స్ట్రక్చర్‌లో పిడ్ ఫీల్డ్ సున్నా ఉండాలి. మెమ్‌సెట్ చేయకుండా చెత్త విలువతో పంపితే ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని తిరిగొస్తది. ఇంకోటి, ఎవరు పట్టుకున్నరో అడిగితే పిడ్ చోట మైనస్ 1 వస్తది, ఓనర్ ప్రాసెస్ కాదు గదా, ఏమని చెప్తది పాపం. డీబగ్గింగ్‌లో ఇది కొంచెం చికాకే.

పాత పోసిక్స్ లాక్, ఓఎఫ్‌డీ లాక్ ఒకదాన్నొకటి చూసుకుంటయ్, కొట్టుకుంటయ్. అంటే పాత ప్రోగ్రామ్ పక్కన కొత్తది పెట్టి నెమ్మదిగా మార్చుకోవచ్చు. ఫ్లాక్ మాత్రం లోకల్ ఫైల్ మీద ఈ రెండింటినీ అసలు చూడదు. ఒకడు ఫ్లాక్, ఇంకొకడు ఎఫ్‌కంట్రోల్ వాడుతుంటే ఇద్దరికీ లాక్ దొరుకుతది, ఇద్దరూ హ్యాపీ, డేటా మాత్రం బర్బాద్.

| ఏం చూడాలి | ఫ్లాక్ | పాత ఎఫ్‌కంట్రోల్ | ఓఎఫ్‌డీ |
|---|---|---|---|
| ఓనర్ | డిస్క్రిప్షన్ | ప్రాసెస్ | డిస్క్రిప్షన్ |
| ఎప్పుడు ఊడుతది | అన్‌లాక్, లేదా చివరి టోకెన్ మూసినప్పుడు | అన్‌లాక్, లేదా ఆ ఫైల్ ఎఫ్‌డీ ఏది మూసినా | అన్‌లాక్, లేదా చివరి టోకెన్ మూసినప్పుడు |
| ఫోర్క్ పిల్లకి | పంచుకుంటది | రాదు | పంచుకుంటది |
| బైట్ రేంజ్ | లేదు | ఉంది | ఉంది |
| థ్రెడ్ల మధ్య | విడిగా ఓపెన్ చేస్తే సరే | పనికిరాదు | విడిగా ఓపెన్ చేస్తే సరే |
| ఎక్స్‌క్లూజివ్‌కి రైట్ మోడ్ | లోకల్‌లో అక్కర్లేదు | కావాలి | కావాలి |
| డెడ్‌లాక్ పట్టడం | లేదు | ఉంది | లేదు |
| పంపిన ఎఫ్‌డీతో పోటీ | ఉండదు | ఉంటది | ఉండదు |

## ఇప్పుడు మామూలు ఫైల్ కాకపోతే

తమ్ముడి కథకి వస్తే. ఎఫ్‌డీ అన్నాక వెనకాల డిస్క్ మీద ఫైల్ ఉండాలని లేదు. ఈవెంట్‌ఎఫ్‌డీ, ఈపోల్, టైమర్‌ఎఫ్‌డీ, సిగ్నల్‌ఎఫ్‌డీ, ఐనోటిఫై, ఇవన్నీ కెర్నల్ లోపలి వస్తువులే, వాటికి విడివిడిగా ఐనోడ్ ఎందుకులే అని కెర్నల్ ఒకే ఒక్క అనామక ఐనోడ్‌ని అన్నింటికీ పంచింది. ఫ్లాక్ కాల్ మాత్రం ఇది రెగ్యులర్ ఫైలేనా అని అడగదు, ఐనోడ్ ఉందా ఉంది, లాక్ తీస్కో అంటది. దాంతో ఏమైందంటే వాడు ఈ సర్వీస్‌లో ఈవెంట్‌ఎఫ్‌డీ మీద ఎక్స్‌క్లూజివ్ పట్టుకుంటే, మిషన్ మొత్తంలో ఇంకెవడు ఈపోల్ మీదో టైమర్ మీదో ఫ్లాక్ అడిగినా ఆగాల్సిందే. బస్సులో ఒక సీటుకి కాదు, డిపోలో ఉన్న అన్ని బస్సులకి కలిపి ఒకటే కర్చీఫ్ వేసినట్టు. కంటైనర్ మార్చినా లాభం లేదు, ఆ ఐనోడ్ కెర్నల్‌ది, కంటైనర్‌ది కాదు.

నమ్మకం కలగకపోతే రెండు ఈవెంట్‌ఎఫ్‌డీలు తెరిచి రెండింటి మీద ఎఫ్‌స్టాట్ (ఎఫ్‌డీ వెనకాల ఫైల్ వివరాలు చెప్పే కాల్) కొట్టి డివైస్ నంబర్, ఐనోడ్ నంబర్ చూడండి, ఒకటే వస్తయ్. ఏ వింత ఎఫ్‌డీ మీదైనా లాక్ వేసే ముందు చేయాల్సిన టెస్ట్ ఇదే: రెండు వేర్వేరు వస్తువులకి ఐనోడ్ ఒకటే వస్తే అక్కడ లాక్ వేయకండి.

అన్నీ ఇట్లానే ఉండవు. మెమ్‌ఎఫ్‌డీకి (మెమరీలోనే ఉండే ఫైల్) ఒక్కోదానికి సొంత ఐనోడ్ ఉంటది. పైపుకీ, సాకెట్‌కీ కూడా అంతే, కాకపోతే సాకెట్‌పెయిర్‌లో రెండు కొసలకి రెండు వేరే ఐనోడ్లు, కాబట్టి ఈ కొస మీద వేసిన లాక్ ఆ కొసకి తెల్వదు. పైపులో అయితే చదివే కొస, రాసే కొస రెండూ ఒకే ఐనోడ్. పిడ్‌ఎఫ్‌డీ (ఒక ప్రాసెస్‌ని సూచించే ఎఫ్‌డీ) 6.9 కెర్నల్ ముందు దాకా ఆ అనామక గుంపులోనే ఉండేది, 6.9 నుంచి ప్రాసెస్‌కి ఒక సొంత ఐనోడ్ ఇచ్చిండ్రు. అంటే ఒకే కోడ్ పాత సర్వర్‌లో ఒకలా కొత్త దాంట్లో ఇంకోలా నడుస్తది, ఇట్లాంటి దాని మీద ప్రొడక్షన్ కట్టొద్దు.

మెమ్‌ఎఫ్‌డీ దగ్గర ఇంకో ఉచ్చు ఉంది, ఓనర్ ప్రశ్న మళ్ళీ ఇక్కడ కొడతది. సాధారణంగా మెమ్‌ఎఫ్‌డీని సృష్టించి యూనిక్స్ సాకెట్‌లో అవతలి ప్రాసెస్‌కి పంపుతం. పంపింది జిరాక్స్, ఆర్డర్ ఒకటే. ఇప్పుడు ఇద్దరూ ఫ్లాక్ గానీ ఓఎఫ్‌డీ గానీ అడిగితే ఇద్దరూ ఒకే ఓనర్ లెక్క, ఇద్దరికీ దొరుకుతది. రెండు దారులున్నయ్: అందుకున్నోడు ప్రాక్ కింద తన ఎఫ్‌డీ పాత్‌ని మళ్ళీ ఓపెన్ చేసి కొత్త డిస్క్రిప్షన్ తెచ్చుకోవాలి, లేదా పాత పోసిక్స్ లాక్ వాడాలి, దానికి ఓనర్ ప్రాసెస్ గదా. నేనైతే మూడో దారి చెప్తా, ఎట్లాగూ మెమరీ ఇద్దరూ మ్యాప్ చేసుకుంటున్నరు, అందులోనే ప్రాసెస్-షేర్డ్ రోబస్ట్ మ్యూటెక్స్ పెట్టుకోండి, పట్టుకున్నోడు చస్తే తర్వాతోడికి "ఓనర్ చచ్చిండు" అని చెప్తది, డేటా సగంలో ఉందేమో చూసుకోమని కూడా అర్థం. ఫైల్ లాక్ ఆ మాట చెప్పదు, మామూలుగా చేతిలో పెట్టేస్తది.

ముందే ఫోర్క్ చేసి ఒకే లిజనింగ్ సాకెట్‌ని పంచుకునే సర్వర్లకి కూడా ఇదే తలనొప్పి, పిల్లలందరి దగ్గర ఒకే ఆర్డర్, ఫ్లాక్ వేస్తే అందరూ లోపలే. పక్కన ఒక ఫైల్ పెట్టి ప్రతి పిల్ల దాన్ని సొంతంగా ఓపెన్ చేసుకోవాలి.

కెర్నల్ వస్తువు మీద ఫ్లాక్ బుద్ధిగా వాడేది ఎక్కడంటే బ్లాక్ డివైస్‌లో. డిస్క్ మీద ఏముందో చూసేటప్పుడు యూడెవ్ (డివైస్‌లను చూసుకునే సిస్టమ్ సర్వీస్) ఆ డివైస్ నోడ్ మీద షేర్డ్ ఫ్లాక్ పట్టుకుంటది. మీ టూల్ పార్టిషన్లు కోస్తున్నా, ఫార్మాట్ చేస్తున్నా, మొత్తం డిస్క్ నోడ్ మీద ఎక్స్‌క్లూజివ్ ఫ్లాక్ పట్టుకుంటే యూడెవ్ ఆగుతది. పార్టిషన్ నోడ్ మీద కాదు, మొత్తం డిస్క్ మీద. సిస్టమ్‌డీ 251 నుంచి దీనికోసం యూడెవ్‌ఏడీఎమ్ లాక్ అని కమాండే ఇచ్చిండ్రు. ఇక్కడ ఎఫ్‌కంట్రోల్ వేస్తే యూడెవ్ కనీసం తలెత్తి చూడదు.

## పక్కదారులు

ఫైల్ లేకపోతేనే సృష్టించు అనే ఫ్లాగ్‌తో లాక్ ఫైల్ పెట్టడం అందరికీ తెలిసిందే, గిట్ ఇండెక్స్ డాట్ లాక్ అదే. ప్రాసెస్ చస్తే ఫైల్ మిగిలిపోతది, ఎవరో ఒకరు చేత్తో తీయాలి. ఆ అలవాటుతోనే ఉబుంటులో "డీపీకేజీ లాక్ దొరకలేదు" అని రాగానే జనం ఆ లాక్ ఫైల్‌ని డిలీట్ చేస్తరు. అది ఎఫ్‌కంట్రోల్ లాక్ సామీ, ఫైల్ ఉండటం లాక్ కాదు. డిలీట్ చేస్తే పాత ఐనోడ్ మీద పాతోడి లాక్ అట్లనే ఉంటది, కొత్త ఫైల్ కొత్త ఐనోడ్, ఇద్దరూ ఒకేసారి ప్యాకేజీలు రాస్తరు. మీ సొంత కోడ్‌లో కూడా పని అయినాక లాక్ ఫైల్‌ని తుడిచే సరదా ఉంటే మానుకోండి, సున్నా బైట్ల ఫైల్ పడుంటే ఏం పోయింది. తుడవక తప్పదంటే లాక్ దొరికాక ఎఫ్‌స్టాట్, స్టాట్ రెండూ కొట్టి ఐనోడ్ ఒకటేనా చూసి, కాకపోతే మళ్ళీ మొదటి నుంచి.

ఒకే కాపీ నడవాలి అనే అవసరం ఒక్కటే ఉంటే అబ్‌స్ట్రాక్ట్ యూనిక్స్ సాకెట్‌కి పేరు బైండ్ చేయడం కూడా నీట్‌గా ఉంటది, డిస్క్ మీద ఏం మిగలదు, చస్తే పేరు ఫ్రీ. కాకపోతే అది నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ లోపలే, రెండు కంటైనర్లు ఒకదాన్నొకటి చూడవు.

## ఎన్ఎఫ్ఎస్ ఉంటే

లినక్స్ 2.6.12 నుంచి ఎన్ఎఫ్ఎస్ మీద ఫ్లాక్ అడిగితే క్లయింట్ దాన్ని ఫైల్ మొత్తానికి బైట్-రేంజ్ లాక్‌గా మార్చి సర్వర్‌కి పంపుతది. మంచిదే, కానీ రెండు రూల్స్ మారిపోతయ్: ఎక్స్‌క్లూజివ్‌కి రైట్ మోడ్ కావాలి, ఫ్లాక్ ఎఫ్‌కంట్రోల్ ఒకదాన్నొకటి చూసుకుంటయ్. లాప్‌టాప్‌లో నడిచిన స్క్రిప్ట్ సర్వర్‌లో బ్యాడ్ ఎఫ్‌డీ అని ఏడుస్తే మొదట ఇది చూడండి. ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్‌లో నెట్ 90 సెకన్లు పోతే లాక్ కూడా పోవచ్చు, మీరు పట్టుకునే ఉన్నా అనుకుంటూ ఉంటరు. డబ్బు లెక్కలున్న చోట నెట్‌వర్క్ ఫైల్ లాక్ మీద ఆధారపడొద్దు, డేటాబేస్‌లో రో లాక్ పెట్టుకోండి, నా మాట వినండి.

## ఎవరికి ఏది

క్రాన్, డిప్లాయ్ స్క్రిప్టులు, ఒకే మిషన్: ఫ్లాక్, మైనస్ ఓతో, ఇంకో ఆలోచన వద్దు. రస్ట్ రాసేటోళ్ళకి 1.89 నుంచి స్టాండర్డ్ లైబ్రరీలోనే ఫైల్ లాక్ వచ్చింది, యూనిక్స్ మీద లోపల అది ఫ్లాకే.

లైబ్రరీ రాస్తున్నారా, మీ కోడ్ వేరేవాళ్ళ ప్రాసెస్‌లో కూర్చుంటదా, అయితే ఓఎఫ్‌డీ. ఎవడు ఏ ఫైల్ ఎప్పుడు మూస్తడో మీ చేతిలో లేదు, పాత ఎఫ్‌కంట్రోల్ అక్కడ ఆత్మహత్యే. మల్టీ-థ్రెడ్ సర్వర్‌లో రేంజ్ లాకులు కావాలన్నా ఇదే.

పాత ప్రోగ్రామ్ ఇప్పటికే పోసిక్స్ లాక్ వాడుతుందా, దానితో కలిసి బతకాలి, కాబట్టి పోసిక్స్ లేదా ఓఎఫ్‌డీ, ఫ్లాక్ మాత్రం వద్దు. అది ఏ రకం వాడుతుందో తెలియకపోతే ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏమడుగుతుందో చూపించే టూల్) పెట్టి చూడండి, లేదా నడుస్తున్నప్పుడు ఎల్ఎస్‌లాక్స్ కమాండ్ కొట్టండి, ఫ్లాక్, పోసిక్స్, ఓఎఫ్‌డీఎల్‌సీకే అని టైప్ కాలమ్‌లోనే చెప్తది. పిడ్ మైనస్ 1 అని వచ్చిన ఓఎఫ్‌డీ లాక్ ఎవరిదో తెలియాలంటే ప్రాక్ కింద ఆ ప్రాసెస్ ఎఫ్‌డీఇన్ఫో ఫైళ్ళు చూడాలి, 4.1 కెర్నల్ నుంచి లాక్ లైన్ అక్కడ రాస్తది.

ఈవెంట్‌ఎఫ్‌డీ, ఈపోల్ లాంటివి: ఏ లాక్ వద్దు. తమ్ముడు కూడా ఆఖరికి రన్ డైరెక్టరీలో సర్వీస్‌కొక సున్నా బైట్ల ఫైల్ పెట్టి, క్లోజ్-ఆన్-ఎగ్జెక్‌తో తెరిచి, దాని మీద ఫ్లాక్ వేసుకున్నడు. పదకొండు లైన్ల మార్పు. ఆ రోజు చాయ్ బిల్లు వాడే కట్టిండు, ఉస్మానియా బిస్కెట్లతో సహా.